ముప్పై ఒక్క పళ్ళు

శుక్రవారం మధ్యాహ్నం చివరి పేషెంటు కూడా దూది కరుచుకుని వెళ్ళిపోయాక, విభాగాధిపతి ప్రభాకరన్ తన గదిలోకి పిలిచి షణ్ముగప్రియ చేతిలో ఒక కవరు పెట్టాడు.

"ఇంటికెళ్ళాక చదువుకోమ్మా. ఇక్కడ వద్దు" అన్నాడు.

ఆ మాట అనకుండా ఉంటే ఆమె నిజంగానే ఇంటికెళ్ళాక చదివేదేమో. మెట్లు దిగుతూనే కవరు చింపింది.

మదురై పొలిమేరలో ఉన్న ఆ ప్రైవేటు దంతవైద్య కళాశాలలో షణ్ముగప్రియ ఐదేళ్ళుగా పని నేర్పుతోంది. పళ్ళు తీసే విభాగంలో పన్నెండు కుర్చీలుంటాయి. ఒక్కో కుర్చీలో ఒక పేషెంటు, పక్కన ఒక విద్యార్థి, ఆ విద్యార్థి భుజం వెనక ఆమె. హస్తవాసి మంచిదని ఆమెకు పేరు. ఎక్కడో ఉన్న తేని ఊరి నుంచి కూడా బస్సెక్కి వచ్చి, "ప్రియ డాక్టరమ్మ ఉంటేనే కూర్చుంటాం" అనేవాళ్ళున్నారు.

ఆ ఏడాది కళాశాల వాళ్ళు మొదటిసారిగా ఫైనలియర్ విద్యార్థుల్ని ఒక ప్రశ్న అడిగారు. కుర్చీ పక్కన నిలబడి మీకు పని నేర్పే డాక్టర్లు ఎలా నేర్పుతున్నారు? ఐదుకి ఎన్ని మార్కులు వేస్తారు, ఎందుకు? పేర్లు రాయక్కర్లేదు.

ఆమెకు వచ్చినవి రెండుంబావు.

కింద విద్యార్థులు రాసిన మాటలు టైపు చేసి ఉన్నాయి. 'మేడం పన్ను తీస్తుంటే కళ్ళు తిప్పుకోలేం.' అది చదివి కాస్త ఊపిరి పీల్చుకుంది. 'భయపడ్డ పేషెంటుతో ఎలా మాట్లాడాలో మేడంని చూసే నేర్చుకున్నాను.' అదీ బాగానే ఉంది. ఆ తర్వాతే మొదలైంది. 'పేషెంటు ముందే మమ్మల్ని తిడతారు. ఆ తర్వాత అతను నోరు తెరవడానికి జంకుతాడు.' 'తప్పు చేస్తే చెబుతారు. సరిగ్గా చేస్తే ఏమీ అనరు. అందుకని ఏది సరో మాకు తెలియదు.' 'మేడం అడుగుల చప్పుడు వినపడగానే చేతిలో ఉన్నది కింద పెట్టేస్తాను. ఎలాగూ లాక్కుంటారు కదా.' అన్నిటికన్నా చివర ఒకటి ఉంది: 'మా లాగ్‌బుక్కుల్లో మేడం సంతకాలున్నాయి. మా చేతుల్లో పని లేదు.'

లాగ్‌బుక్కంటే ప్రతి విద్యార్థీ తాను తీసిన పళ్ళ వివరం రాసుకునే పుస్తకం. ఒక్కో పన్నుకీ ఎదురుగా నేర్పిన డాక్టరు సంతకం ఉండాలి. పరీక్షకు కూర్చోవాలంటే అది నిండాలి. షణ్ముగప్రియ ఎవరి పుస్తకమూ ఖాళీగా వదల్లేదు, నిజమే. ఎంతమంది పేషెంట్లున్నా, విద్యార్థి తడబడుతున్నట్టు కనిపిస్తే చాలు, "జరుగు" అని పనిముట్టు తీసుకుని రెండు నిమిషాల్లో ముగించి, సంతకం పెట్టి ఇచ్చేది. తను వాళ్ళకు సాయం చేస్తున్నాననే అనుకుంది ఇన్నాళ్ళూ.

కాగితం అడుగున ఇంకో వరస. విభాగంలో అందరికన్నా ఎక్కువ, నాలుగున్నర మార్కులు వచ్చింది డాక్టర్ జెబమలర్‌కు. అది చూసేసరికి షణ్ముగప్రియకు తల కొట్టేసినట్టయింది. తను ఐదు నిమిషాల్లో తీసే పన్నుకు జెబమలర్ అరగంట తీసుకుంటుంది. కష్టమైన కేసు వస్తే, "ప్రియా, మీరు ఒకసారి చూస్తారా" అని పిలిచేది కూడా ఆవిడే.

తిరుమంగళం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ ఆఖరి మాట రాసిందెవరా అని ఆలోచించింది. ఎక్కువసేపు పట్టలేదు. శరవణకుమార్ అయ్యుంటాడు. సన్నగా, ఎప్పుడూ చొక్కా గుండీ మెడ దాకా పెట్టుకుని ఉండే కుర్రాడు. పన్ను పట్టి లాగే ఫోర్సెప్స్ పట్టుకుంటే వేళ్ళు వణుకుతాయి. పోయిన నెలలో ఒకరోజు అతని చేతిలోంచి దాన్ని లాక్కుంటూ, "ఈ చేతులతో పళ్ళు తీస్తావా, బియ్యం చెరుగుతావా?" అంది. కుర్చీలో ఉన్న పేషెంటు నవ్వాడు. శరవణకుమార్ ముఖం పాలిపోయింది. ఆ కడుపుమంట ఇదిగో ఇట్లా తీర్చుకున్నాడన్నమాట.

ఇంట్లో అమ్మ మీనాంబాళ్ ఫోను పట్టుకుని గుమ్మంలోనే కాచుకుని ఉంది.

"వచ్చినావా. ఈ గ్యాసు బుక్ చేసేది ఎట్లనో ఒకసారి చూపించు."

షణ్ముగప్రియ చెప్పులు విప్పుతూనే ఫోను అందుకుని పటపటా నాలుగు చోట్ల నొక్కి తిరిగిచ్చేసింది. "అయిపోయిందిమ్మా."

"చూపించమంటిని గాని చెయ్యమన్లేదు" అంది మీనాంబాళ్. "మూడు నెలలుగా అడుగుతుండా. అడిగినప్పుడల్లా నువ్వే నొక్కేస్తావు. నీ పని అయిపోతాది. నాకు యాడ వస్తాది?"

వేరే రోజైతే నవ్వేసేది. ఆ రోజు లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

సోమవారం నుంచి ఆమె శరవణకుమార్‌ను ఒక్క మాట కూడా అనలేదు. పని కూడా ఇవ్వలేదు. అతని వంతు వచ్చినప్పుడల్లా, "నువ్వు బీపీ చూడు" అని ఒకరోజు, "పనిముట్లు స్టెరిలైజేషన్‌కి వెళ్ళాయా చూసిరా" అని ఇంకోరోజు పంపించింది. అతను వెళ్ళేవాడు. మధ్యాహ్నం అందరూ క్యాంటీన్‌కి పోతే ఒక్కడే ఖాళీ కుర్చీ పక్కన నిలబడి, ప్లాస్టర్‌తో చేసిన దవడ బొమ్మ మీద ఫోర్సెప్స్ పట్టి చూసుకునేవాడు. షణ్ముగప్రియ అది చూసింది. చూసి కూడా, 'ఉండు, ఇంకో రెండు రోజులు' అనుకుంది. మనసులో ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది గాని, పంతం ముందు అది నిలవలేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం ఆమె రికార్డుల గదిలో ఉండగా కళైవాణి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఆ బ్యాచ్‌లో చురుకైన అమ్మాయి. షణ్ముగప్రియ ఎవరినైనా మెచ్చుకుందంటే ఈమెనే.

"ఏంటి వాణీ?" అంది తమిళంలో. ఇంట్లో తెలుగైనా, కళాశాలలో ఆమె మాటలన్నీ తమిళంలో, ఇంగ్లీషులోనే.

"అక్కా, ఒక మాట చెప్పాల" అంది కళైవాణి. తెలుగులో.

షణ్ముగప్రియ చేతిలోని ఫైలు అలాగే ఉండిపోయింది. "నువ్వు మన మాట మాట్లాడతావా?"

"ఇంట్లో అదే. మాది తేని పక్కన, నైనా ద్రాక్ష తోట చూసుకుంటాడు. మీరు ఫోన్లో మీ అమ్మతో మాట్లాడేది విని మొదటి సంవత్సరంలోనే కనిపెట్టినాను."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

"ఎట్ల చెప్పేది? మీరు పక్కకి వస్తే మాకు అరవం గూడా మరిచిపోతాది."

నవ్వాలో వద్దో షణ్ముగప్రియకు తెలియలేదు. కళైవాణి నేలచూపులు చూస్తూ ఒక్క గుక్కలో చెప్పేసింది.

"ఆ కాయితంలో లాగ్‌బుక్కు గురించి ఉండేది శరవణన్ రాయలేదక్కా. నేను రాసినాను. వాడికి మీరు పని ఇయ్యకుండా ఉండేది చూస్తుంటే నాకు రాత్రి కూడు దిగలేదు. శిక్ష వెయ్యాలంటే నాకు వెయ్యండి."

"నువ్వా? నిన్నెప్పుడైనా ఒక మాట అన్నానా నేను?"

"అన్లేదు. బాగా చేస్తావు అనే చెప్పినారు. కానీ చెయ్యనియ్యలేదు." సంచిలోంచి తన లాగ్‌బుక్కు తీసి బల్ల మీద పెట్టింది. "ఇందులో ముప్పై ఒక్క పల్లు ఉండాది. మొదటి నుంచి కడ వరకు నేనే తీసింది నాలుగు. ఆ నాలుగూ మీరు లీవులో ఉండిన దినాల్లో."

షణ్ముగప్రియ పుస్తకం తెరిచింది. వరసగా తన సంతకాలు. ఒక్కో దాని పక్కన కళైవాణి పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకుంది. నాలుగింటి దగ్గర మాత్రం వేరే డాక్టర్ల సంతకం, చుక్కకు బదులు చిన్న గీత.

"పరీక్షకి బయటి డాక్టరు వచ్చి పక్కన నిలబడతాడు. మీరు ఉండరు. అప్పుడు ఏం చేసేదని భయం వేసి రాసినాను. మీ మీద కోపం లేదక్కా." కళైవాణి సంచి భుజాన వేసుకుంది. "శరవణన్ ఏం రాసినాడో తెలుసునా? భయపడే పేషెంటుతో ఎట్ల మాట్లాడేదో మేడంని చూసి నేర్చుకున్నా అని రాసినాడు. మాకందరికీ చూపించినాడు గూడా."

ఆ వాక్యం రాసింది కళైవాణి అని షణ్ముగప్రియ అనుకుంటూ వచ్చింది.

"సరే, నువ్వు పో" అంది. కాసేపటికి, "పుస్తకం ఇక్కడ ఉంచిపో" అంది.

ఆ సాయంత్రం రెండు బస్సులు వదిలేసింది. బస్టాపులో కూర్చుని ఒక్కో పేజీ తిప్పింది. చాలా పళ్ళు గుర్తుకొచ్చాయి కూడా. ఫలానా పేషెంటు కదిలాడని తీసుకుంది. ఫలానా రోజు బయట వరస పెద్దదిగా ఉందని తీసుకుంది. కొన్నిటికి ఏ కారణమూ దొరకలేదు. తన చేతులకు ఓపిక లేకపోయింది, అంతే.

తను ఎలా నేర్చుకుంది? పనిముట్లు విసిరేసే ఒక ప్రొఫెసరు దగ్గర నేర్చుకున్నానని ఎప్పుడూ గొప్పగా చెప్పుకునేది. కానీ ఆయన దగ్గర నేర్చుకున్నది ఆయన కంట పడకుండా తప్పుకోవడమే. చేతికి పని వచ్చింది హౌస్‌సర్జన్‌గా ఒక చిన్న ఊరి ఆసుపత్రికి పంపినప్పుడు. అక్కడి పెద్ద డాక్టరు వారంలో మూడు రోజులు రాడు. ఎవరూ పక్కన లేక, వచ్చిన ప్రతి పన్నూ తనే తీసింది. కొన్నిసార్లు పేషెంటు కన్నా తనే ఎక్కువ భయపడింది. ఆ పేషెంట్లలో ఒకరిద్దరు పడ్డ బాధ తలుచుకుంటే ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది. విసిరేసే మనిషి దగ్గర కొంత, గాలికి వదిలేసిన చోట కొంత. మధ్యలో ఇంకో దారి ఉంటుందని ఆమెకెవరూ చూపించలేదు.

మర్నాడు పొద్దున్నే జెబమలర్ దగ్గరికి వెళ్ళింది. "ఈ రోజు మీరు నేర్పేది చూస్తాను. ఒక మూల నిలబడతాను" అంది. జెబమలర్ సరేనంది. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు గొలుసుకు కట్టి మెడలో వేసుకుంటుంది.

చూడగా చూడగా షణ్ముగప్రియకు మొదట తెలిసింది, ఆ అరగంటలో సగం పేషెంటు దగ్గర గడిచేదే కాదని. విద్యార్థిని ముందు వరండాలోకి తీసుకెళ్ళి ఎక్స్‌రే చేతికిచ్చేది. "ఏం చేయబోతున్నావు? ఎక్కడ ఇబ్బంది రావచ్చు? వస్తే ఏం చేస్తావు?" అని అడిగేది. కుర్చీ దగ్గర నిలబడితే రెండు చేతులూ కోటు జేబుల్లో. ఏమైనా చెప్పాలంటే గొంతు తగ్గించి చెప్పేది, తిట్టినట్టుగా ఒక్కటీ లేదు. పని ముగిశాక మళ్ళీ వరండా. ముందు విద్యార్థినే అడిగేది, ఎలా జరిగిందని.

"మీ చేతులు ఉబలాటపడవా?" అని అడిగింది షణ్ముగప్రియ మధ్యాహ్నం టీ దగ్గర.

"పడతాయి. ఇరవై దాకా లెక్కపెడతాను. అప్పటికీ విద్యార్థికి తోచకపోతే ఒక ప్రశ్న అడుగుతాను. పేషెంటుకు ఇబ్బంది అయ్యేట్టుంటే మాత్రం లెక్కలు లేవు, వెంటనే అందుకుంటాను." జెబమలర్ టీలో బిస్కెట్ ముంచుకుంది. "మొదట్లో నేనూ లాక్కునేదాన్నే ప్రియా. మీ అంత బాగా చేసేదాన్ని కాదు కాబట్టి నాకు అలవాటు త్వరగా వదిలింది."

మరుసటి రోజు పొద్దున పేషెంట్లు రాకముందే షణ్ముగప్రియ తన కింద పని నేర్చుకుంటున్న ఎనిమిదిమంది విద్యార్థుల్నీ పిలిచింది. ఏం చెప్పాలో బస్సులో మూడుసార్లు అనుకుంది గాని, వాళ్ళు ఎదుట నిలబడేసరికి ఆ మాటలేవీ మిగల్లేదు.

"మీరు రాసింది చదివాను. నిజమే రాశారు" అంది. "ఎవరు రాశారోనని నేను వెతకడం మొదలుపెట్టాను. అది తప్పు. తప్పు మనిషిని అనుమానించి పది రోజులు పని ఇవ్వలేదు. అది ఇంకా తప్పు. శరవణకుమార్, నన్ను క్షమించు. ఆ రోజు పేషెంటు ముందు నీ చేతుల గురించి అన్న మాటకు కూడా."

శరవణకుమార్ ఎటు చూడాలో తెలియక పనిముట్ల ట్రే కేసి చూశాడు. "పరవాలేదు మేడం" అన్నాడు, వినపడీ వినపడనట్టు.

నిర్ణయం చేసుకున్నంత సులువుగా చేతులు మాట వినవు. ఆ రోజే రెండో పేషెంటు దగ్గర, ఒక అమ్మాయి కొంచెం ఆగేసరికి షణ్ముగప్రియ చెయ్యి దానంతటదే వెళ్ళి ఫోర్సెప్స్ అందుకుంది. అందుకున్నాక గాని తెలియలేదు. తిరిగి ఇచ్చేసింది. వెనక ఎవరో నవ్వు ఆపుకున్నారు. మూడు రోజులు అలాగే గడిచాయి. నాలుగో రోజు ఆమె ఒక ఉపాయం చేసింది. గ్లౌజులు తొడుక్కోవడం మానేసింది. ఉత్త చేతుల్ని పేషెంటు నోట్లో పెట్టకూడదు కదా. డబ్బా పక్కనే ఉంటుంది, అవసరమైతే తొడుక్కోవడానికి పది సెకన్లు చాలు. కానీ ఆ పది సెకన్లలో 'అవసరమా?' అని తనను తాను ప్రశ్నించుకోవచ్చు. చాలాసార్లు అవసరం లేదు.

తిట్లు ఆపడం ఇంకా కష్టమైంది. నోటికి గ్లౌజులుండవు. ఒకరిద్దరు విద్యార్థులు ఆమెను నమ్మలేదు కూడా. ఇది నాలుగు రోజుల ముచ్చటే అన్నట్టు దూరంగానే ఉన్నారు.

అట్లా రెండు వారాలయ్యాక ఒక బుధవారం, అళగిరిసామి అనే పెద్దాయన వచ్చి శరవణకుమార్ కుర్చీలో కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. తిరుమంగళం దాటి కరిసల్ అనే నల్లరేగడి భూముల్లో పత్తి వేస్తాడట. కుడివైపు కింది దవడపన్ను పుచ్చి మూడు నెలలుగా ఒకవైపే నములుతున్నాడు. బీపీ, షుగరు సరిగ్గానే ఉన్నాయి. షణ్ముగప్రియ తన ఊరు చెప్పగానే ఆయన ముఖం విప్పారింది.

"అట్లయితే నువ్వు మనోళ్ళ బిడ్డవే. ఎవురింటి పిల్లవమ్మా?"

చెప్పింది. ఆయన ఆమె తాతను ఎరుగును. ఇంకేముంది, శరవణకుమార్ వైపు ఓరగా చూసి గొంతు తగ్గించాడు.

"నువ్వే తీసెయ్యమ్మా. ఈ పయ్యన్ చెయ్యి చూడు, వణుకుతుండాది."

శరవణకుమార్‌కు తెలుగు రాదు. కానీ కుర్రాడని అర్థమిచ్చే 'పయ్యన్' అన్న తమిళ మాటా, ఆ చూపు తన చేతి మీద పడటమూ చాలు. ట్రే సర్దుతున్నవాడల్లా ఆగిపోయాడు. ఒక అడుగు వెనక్కి వేసి చోటిచ్చాడు కూడా.

షణ్ముగప్రియ పెద్దాయన పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"తాతా, ఈ తంబి నాలుగేండ్లుగా చదువుతుండాడు. మీ పల్లు ఎట్ల తియ్యాలో ఇప్పుడే నాకు చెప్పినాడు, సరిగ్గా చెప్పినాడు. నేను ఈడనే ఉంటా, ఒక్క అడుగు కదలను. మీకు నొప్పి అనిపిస్తే చెయ్యెత్తండి, నిలిపేస్తాడు. లేదు, నువ్వే తియ్యాల అంటే నేనే తీస్తాను. మీ నోరు, మీ ఇష్టం."

పెద్దాయన ఆమెను, కుర్రాడిని మార్చి మార్చి చూశాడు. "ఒక్క అడుగు గూడా కదలవు గదా?"

"కదలను."

"సరి, కానియ్." తర్వాత తమిళంలో శరవణకుమార్‌తో, "రా తంబీ. మెల్లగా" అన్నాడు.

మత్తు సూది వేసేటప్పుడు శరవణకుమార్ పెద్దాయన భుజం మీద ఎడమచెయ్యి ఆనించి, ఏం చేయబోతున్నాడో ముందే ఒక్కో మాటగా చెప్పాడు. అది ఎక్కడ నేర్చుకున్నాడో షణ్ముగప్రియకు ఇప్పుడు తెలుసు. పెదవి మొద్దుబారిందో లేదో రెండుసార్లు అడిగి చూసుకున్నాడు. పన్ను చుట్టూ చిగుళ్ళు విడదీశాడు. ఫోర్సెప్స్ పట్టేసరికి వేళ్ళు వణికాయి. కానీ పన్ను మీద పట్టు దొరకగానే వణుకు తగ్గింది. ఇన్నేళ్ళలో ఆమె ఆ సంగతి గమనించనే లేదు. వణుకు మొదలవగానే లాక్కునేది కాబట్టి, ఆ తర్వాత ఏమవుతుందో చూసే అవకాశం ఎప్పుడూ రాలేదు.

ఐదు నిమిషాలు, ఏడు నిమిషాలు. పన్ను కదిలింది. పైకి వస్తోందనగా 'టక్'మని చిన్న చప్పుడు. శరవణకుమార్ చెయ్యి అక్కడికక్కడే ఆగిపోయింది.

ఫోర్సెప్స్‌లో పన్ను ఉంది. దాని వెనకవైపు వేరుకు మొన లేదు.

షణ్ముగప్రియ కుడిచెయ్యి గ్లౌజుల డబ్బా మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. పెద్దాయన ముఖంలో నొప్పి లేదు. చెయ్యెత్తలేదు.

"ఏం జరిగింది?" అని అడిగింది, నీళ్ళు కావాలా అన్నంత మామూలుగా.

"వెనక వేరు మొన విరిగింది మేడం. మూడోవంతు ఉంటుంది."

"కనపడుతోందా?"

"లేదు. రక్తం ఉంది."

"కనపడాలంటే ఏం చేయాలి?"

శరవణకుమార్ ఒక్క క్షణం కళ్ళు మూసి తెరిచాడు. "గాజుగుడ్డ ఒత్తిపెట్టి ఆగాలి. తర్వాత కడగాలి. లైటు కిందికి దించాలి." పెద్దాయన వైపు వంగి తమిళంలో చెప్పాడు, "అయ్యా, పన్ను వచ్చేసింది. వేరు ముక్క చిన్నది ఒకటి లోపలుంది. అది కూడా తీసేస్తాను. ఇంకో పది నిమిషాలు." పెద్దాయన తల ఊపాడు. అప్పుడు శరవణకుమార్ ఆమె వైపు తిరిగాడు. "మేడం, చెంప కొంచెం పట్టుకుంటారా? నాకు లోపల చూడాలి."

షణ్ముగప్రియ గ్లౌజులు తొడుక్కుంది. చెంపను పక్కకు లాగి పట్టుకుంది, రెండో చేత్తో రక్తాన్ని పీల్చే గొట్టం పట్టుకుంది. తన ఉద్యోగ జీవితంలో మొదటిసారిగా ఒక విద్యార్థికి సహాయకురాలిగా నిలబడింది. అతను సన్నని పనిముట్టుతో వేరు పక్కన చోటు వెతికాడు. ఒకసారి జారింది. రెండోసారి కోణం మార్చాడు. నాలుక చివరి దాకా వచ్చిన మాటను షణ్ముగప్రియ మింగేసింది, ఎందుకంటే ఆ మాట చెప్పేలోగానే అతను సరైన చోటికి వెళ్ళాడు. బియ్యపుగింజంత వేరు మొన గాజుగుడ్డ మీదికి వచ్చి పడింది.

"అయిందా?" అన్నట్టు పెద్దాయన కళ్ళెగరేశాడు. అయిందని శరవణకుమార్ చెప్పాడు. అతని నుదురు తడిసి ఉంది.

తర్వాత వరండాలో ఆమె అడిగింది, ఎలా జరిగిందని. అతను తప్పులన్నీ వరసగా అప్పజెప్పాడు. పన్నును వదులు చేసే ఎలివేటర్ ఇంకొంతసేపు వాడాల్సింది, తొందరపడ్డాను, వేరు వంకర ఉందని ఎక్స్‌రేలో సరిగ్గా చూడలేదు.

"అవన్నీ నిజమే. వచ్చేసారి ఎక్స్‌రే ఇంకాసేపు చూడు" అంది షణ్ముగప్రియ. "ఇప్పుడు నువ్వు చెప్పనివి నేను చెబుతాను. విరిగిన చప్పుడు వినగానే చెయ్యి ఆపావు. నీ వయసులో నేను ఆపలేదు, ఇంకా గట్టిగా లాగాను. పేషెంటుకు దాచకుండా చెప్పావు. సాయం కావాలనిపించగానే అడిగావు. ఇంకోటి, నీ చెయ్యి వణికేది పట్టు దొరికేదాకానే. అది నీకు తెలుసా?"

శరవణకుమార్ తన చేతుల్ని చూసుకున్నాడు. "తెలియదు మేడం."

"నాకూ ఇవాళే తెలిసింది."

లాగ్‌బుక్కులో సంతకం పెడుతూ, పక్కన 'విద్యార్థే పూర్తి చేశాడు. వేరు మొన విరిగింది, తనే తీశాడు' అని రాసింది. అట్లా రాయడం ఆ విభాగంలో ఎవరికీ అలవాటు లేదు.

వారం తర్వాత అళగిరిసామి మళ్ళీ వచ్చాడు. గాయం చూపించుకోవడానికి కాదు, అది చక్కగా మానింది. భార్య ధనభాగ్యాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడకు పైపన్ను పోటు.

షణ్ముగప్రియ ఎదురెళ్ళి, "రండవ్వా, కూర్చోండి" అంది.

"నువ్వు బాగుండావా అమ్మా?" అంటూనే పెద్దాయన ఆమె భుజం మీదుగా లోపలికి చూస్తున్నాడు. "ఆ తంబి యాడ? వాడి దగ్గరే చూపించాల అని ఇది పట్టు పడుతుండాది. నేను ఇంటికి పోయి వాడు మాట్లాడినదంతా చెప్పినానులే."

కళైవాణి పక్కనుంచి ఆ మాట విని, తెలుగు రాని శరవణకుమార్‌కు తమిళంలో చెప్పింది. అతను చెవులదాకా ఎర్రబడి, ధనభాగ్యం కోసం కుర్చీ వాలు సరిచేయడానికి వెళ్ళాడు.

పరీక్షలు ఏప్రిల్‌లో అయ్యాయి. బయటి డాక్టరు పక్కన నిలబడగా కళైవాణి తన పేషెంటు పన్ను తనే తీసి, పాసైంది. శరవణకుమార్ కూడా పాసయ్యాడు, మార్కులు మాత్రం అంతంతే. ఇద్దరూ అక్కడే హౌస్‌సర్జన్లుగా చేరారు. అప్పటికి కళైవాణి లాగ్‌బుక్కులో తన చేత్తో తీసిన పళ్ళు ఇరవై ఏడు దాటాయి. ముందటి వాటికి పెట్టిన సంతకాల్ని షణ్ముగప్రియ కొట్టెయ్యలేదు. ప్రభాకరన్‌కు ఉన్నదున్నట్టు చెప్పి, ఆ బ్యాచ్‌లో అందరికీ అదనంగా కేసులు ఇప్పించింది.

జూన్‌లో, కుర్చీ పక్కన నేర్పే డాక్టర్లందరికీ ఒక పూట కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు చేద్దామని జెబమలర్ అంది. షణ్ముగప్రియా, ఆవిడా కలిసి పిలిచారు. పద్నాలుగు మందికి చెబితే ఐదుగురు వచ్చారు. ఆరోవాడిగా ప్రభాకరన్ వచ్చి చివరి వరసలో, అరిగిపోయిన ఒక నోటుపుస్తకం తెరుచుకుని కూర్చున్నాడు.

షణ్ముగప్రియ గ్లౌజుల సంగతి చెప్పింది. కొందరు నవ్వారు. ఒకతను, "పేషెంట్లు వరసలో ఉంటే ఇవన్నీ అయ్యే పనేనా?" అన్నాడు. కొన్నిసార్లు కాదని ఆమె ఒప్పుకుంది.

ప్రభాకరన్ చెయ్యెత్తాడు, విద్యార్థిలా.

"నాదొక సందేహం. కుర్రాడు తప్పుదారిలో పోతున్నాడని నాకు తెలిసిపోతుంది. పేషెంటుకు ఇంకా ప్రమాదమేమీ లేదు. అప్పుడు ఎంతసేపు ఆగాలి? ముప్పై ఏళ్ళుగా చేస్తున్నాను. నాకు తెలియదమ్మా."

షణ్ముగప్రియ తల అడ్డంగా ఊపింది. "నాకూ తెలియదు సార్. ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుందనుకుంటాను."

"ఎవరి సంగతి వాళ్ళకే తెలుసు. పిల్లల్నే పిలిచి అడుగుదాం" అని జెబమలర్ తలుపు తెరిచింది. ఎదురుగా ఓపీలో అప్పుడే పని ముగించుకున్న హౌస్‌సర్జన్లు చేతులు కడుక్కుంటున్నారు. వాళ్ళు నలుగురైదుగురు లోపలికి వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక గోడ వారగా నిలబడ్డారు. ప్రభాకరన్ లేచి పక్క గదిలోంచి రెండు కుర్చీలు తనే మోసుకొచ్చాడు.

"కూర్చోండి" అన్నాడు. "మేము ఎక్కడ ఆగితే మీకు మంచిదో చెప్పండి. మొహమాటం వద్దు."

కళైవాణి మోచేత్తో పొడిస్తే శరవణకుమార్ ముందుకు జరిగాడు. చొక్కా పైగుండీ మీద వేలు పెట్టుకుని, మెల్లగా, ఒక్కో మాటా ఏరుకుంటూ మొదలుపెట్టాడు. ప్రభాకరన్ తల వంచి రాసుకుంటున్నాడు. షణ్ముగప్రియ తన కుర్చీని శరవణకుమార్ వైపు తిప్పుకుంది.